రైతుకు చెప్పని టీకా

కోడిపిల్లల ఒంటి మీద ఆ ఎర్రరంగు ఏమిటని అడిగితే ‘విటమిన్’ అన్నారట. గన్నవరం పరిసరాల్లో ఒప్పంద పద్ధతిలో బ్రాయిలర్లు పెంచే ఒక రైతు మా విలేకరికి చెప్పిన మాట ఇది. ట్రేల్లోంచి ఊక మీదికి వదులుతుంటే పిల్లల వీపుల మీద కుంకుమ నీళ్లు చిలకరించినట్టు మరకలున్నాయి. ఆయన నమ్మారు. పిల్లలు కంపెనీవి, మేత కంపెనీది, మందులు కంపెనీవి. నమ్మక ఏం చేస్తారు? మూడు వారాలు తిరిగేసరికి ఊక మీద రక్తం కనిపించింది. తర్వాత ఇద్దరు మనుషులు వచ్చి ఆరు కోళ్లను పట్టి అక్కడే కోశారు. పేగులు చీల్చి చూసి, కాగితం మీద అంకెలు వేసుకుని వెళ్లిపోయారు. తన షెడ్డులో ఏదో పరీక్ష నడుస్తోందని అప్పటికి గానీ ఆయనకు అర్థం కాలేదు.

రక్త పారుడుకు, అంటే కాక్సిడియోసిస్‌కు, ఇచ్చే సజీవ టీకాను హేచరీలో పిల్లల మీద పిచికారీ చేసేటప్పుడు ద్రావణంలో రంగు కలుపుతారు. ఈకల మీద రంగు చుక్క కనిపిస్తే పిల్ల దాన్ని ముక్కుతో పొడుచుకుంటుంది, టీకా లోపలికి పోతుంది. ఆ ‘విటమిన్’ అసలు సంగతి ఇదీ. పేగుల్లో గాయాల తీవ్రతను సున్నా నుంచి నాలుగు వరకు అంకెలతో కొలిచే పద్ధతి 1970లో జాన్సన్, రీడ్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించినది. ఈ వ్యాధి మందులను, టీకాలను తూచేందుకు నేటికీ దాన్నే వాడుతున్నారు. టీకాను మేం తప్పుపట్టడం లేదు, కొలిచే పద్ధతినీ తప్పుపట్టడం లేదు. షెడ్డు యజమానికి ఒక్క ముక్క చెప్పకుండా ఇదంతా చేయడాన్ని మాత్రం క్షమించలేం.

ఎందుకంటే ఇది సూదితో వేసి మరిచిపోయే టీకా కాదు. ఇందులో ఉండేది ఐమీరియా అనే పరాన్నజీవే, ప్రాణంతో. అది కోడి పేగులో పెరిగి, గట్టి పెంకున్న ఊసిస్టుల రూపంలో రెట్టతో బయటపడుతుంది. ఊకలో తేమ, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ సోకే దశకు చేరుతుంది. కోడి దాన్ని మళ్లీ తింటుంది. ఇలా రెండు మూడు చుట్లు తిరిగాకే, సుమారు మూడు నాలుగు వారాలకు, రక్షణ నిలబడుతుంది. అంటే టీకా పని సగం జరిగేది ఊకలో. ఆ ఊక కొన్నది రైతు, తిరగేసేది రైతు. మే నెల విజయవాడ ఎండకు ఊక పొడిపొడిగా ఎండిపోతే ఊసిస్టులు పక్వానికి రావు, రక్షణ మధ్యలోనే ఆగిపోతుంది. వడదెబ్బ తగులుతుందని నీటి తుంపర్లు చల్లే ఫాగర్లు తిప్పినా, నీటి గొట్టాలు కారి ఊక గడ్డకట్టినా అవి లెక్కకు మించి పక్వమవుతాయి. మొదట్లో టీకా సరిగా అందని పిల్లలు ఒక్కసారిగా వాటిని మింగి జబ్బు పడతాయి. ఇంత జాగ్రత్తగా చూసుకోవలసిన ఊకను, టీకా ఇచ్చారన్న సంగతే తెలియని మనిషి ఎలా చూసుకోవాలి?

మందుల సంగతీ అంతే. రెట్టలో ఎరుపు కనిపించగానే మన రైతులు ఈ రోగానికి వాడే ఆంప్రోలియం మందును నీళ్లలో కలుపుతారు. వేళ కాని వేళలో ఆ మందు పడితే రోగంతో పాటు టీకా కూడా దెబ్బతింటుంది. అందుకే ఇలాంటి బ్యాచ్‌కు, ఈ రోగాన్ని అణచే సాలినోమైసిన్ వంటి మందులు కలపని మేత పంపుతారు. టీకా పట్టని కోడికి అప్పుడు మేతలోని రక్షణ కూడా ఉండదు. ఈ రైతుకు వచ్చిన బస్తాల్లో ఆ మందు ఉందో లేదో ఆయనకు ఇప్పటికీ తెలియదు. పైగా ఈ టీకాలన్నీ ఒక్కటి కావు. అమెరికాలో 1952లో మొదలైన రకంలో ఉండేవి బలం తగ్గించని జీవులు. బ్రిటన్‌లో రూపొంది 1989లో వచ్చిన రకంలో ఉన్నవి త్వరగా పక్వమై తక్కువగా పెరిగేలా ఎంపిక చేసినవి. మోతాదు, ఊక అదుపు తప్పితే మొదటి రకమే రోగం తెచ్చే ప్రమాదం ఎక్కువ. ఈ షెడ్డులోకి వచ్చింది ఏ రకం? అదీ చెప్పలేదు.

బ్యాచ్ ముగిశాక లెక్కలు చూశారు. బరువు తగ్గిందని, మేత ఎక్కువ పట్టిందని, చావులు పెరిగాయని రైతుకు ఇచ్చే పెంపకం ఛార్జీల్లో కోత వేశారు. పేగులు చూడటానికి తామే కోసిన ఆరు కోళ్లను కూడా చావుల కిందే రాశారు.

ప్రయోగశాల బోనుల్లో నెగ్గిన టీకా షెడ్డులోనూ నెగ్గితేనే నమ్మగలమని, మేతలో మందులు కలిపీ కలిపీ అవి పని చేయని స్థితి వచ్చిందని, టీకా తప్ప దారి లేదని కంపెనీల వాళ్లు అంటారు. అందులో నిజముంది. కోళ్లకు సోకే ఐమీరియాలో ఏడు జాతులున్నాయని చాలాకాలం లెక్క. ఒకదానికి వచ్చిన రక్షణ మరొకదానికి పనికిరాదు. 2021లో మరో మూడు జాతులకు పేర్లు పెట్టారు, వాటి ముందు ఇప్పుడున్న టీకాలు నిలవవు. ఈ ఒక్క వ్యాధి వల్ల ప్రపంచ కోళ్ల పరిశ్రమకు ఏటా వెయ్యి కోట్ల పౌండ్లకు పైగా నష్టమని 2020లో అంచనా కట్టారు. గుడ్ల ఉత్పత్తిలో దేశానికే ముందున్న రాష్ట్రంలో, కృష్ణా డెల్టా ఉక్కపోతలో, మన ఊక మీద ఈ టీకాలు పరీక్షించాల్సిందే. పరీక్షించండి. కానీ అడిగి పరీక్షించండి. అడగకుండా చేయడం ఒకసారి చెల్లితే ఇకపై అదే ఆనవాయితీ అవుతుంది. మా భయమంతా దాని గురించే.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకాలు వేసినప్పుడు, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి తెలుగువారు మరిచిపోలేదు. టీకా మంచిదే. ఈ రోజు ఎన్నో దేశాల్లో ఆడపిల్లలకు వేస్తున్నదే. పద్ధతి చెడ్డది కనుక 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. కోడినీ మనిషినీ ఒకే గాటన కట్టడం లేదు. అడగనక్కర్లేదు అనుకున్న ఆ బుద్ధి ఒక్కటే అంటున్నాం. గుంటూరు పత్తి రైతునూ అడగండి. అనుమతి లేని, కలుపు మందును తట్టుకునే విత్తనం చేలల్లోకి ఒకసారి దిగాక దాన్ని వెనక్కి తీయడం ఎవరి తరమూ కాలేదు. ప్రాణమున్నదాన్ని వదిలితే అది వదిలిన చోట ఆగదు. ఊసిస్టులు మామూలు క్రిమిసంహారకాలకు చావవు. షెడ్డు కడిగినా నేల పగుళ్లలో మిగులుతాయి. వచ్చే బ్యాచ్‌కు వాటి పూచీ ఎవరిది?

మనుషుల మీద ఔషధ పరీక్షలకు 2019 నియమాలున్నాయి. రాతపూర్వక సమ్మతి, హాని జరిగితే పరిహారం వాటిలో తప్పనిసరి. జంతువుల మీద ప్రయోగాలకు 1960 నాటి చట్టం, దాని కింద 1998 నియమాలు, సంస్థల్లో నైతిక పర్యవేక్షణ సంఘాలు ఉన్నాయి. కోడి తరఫున అడిగేందుకు ఒక సంఘముంది. కోడిని పెంచే మనిషి తరఫున అడిగేవారు లేరు. ఆయన చేతిలో ఉన్నది ఒప్పంద పత్రం ఒక్కటే, అందులో పరీక్ష అన్న మాటే లేదు.

పర్యవేక్షించాల్సిన అధికారులు ఇది కంపెనీకీ రైతుకూ మధ్య వ్యవహారమని పక్కకు తప్పుకుంటే ఇంకో ముప్పు ఉంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల నుంచి ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం దాకా బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ప్రభుత్వం రైతులను కోరింది ఒక్కటే: కోళ్లు చస్తే దాచకండి, చెప్పండి. తనకు ఏదీ చెప్పని వాళ్లకు రైతు ఎందుకు చెబుతాడు? ఈసారి రోగం వస్తే చచ్చిన కోళ్లు కాలువల్లో తేలతాయి.

గన్నవరంలోనే పశువైద్య కళాశాల ఉంది. టీకా ఇచ్చిన షెడ్డు ఒకటి, ఇవ్వని షెడ్డు ఒకటి పెట్టి, ఏ టీకానో, ఏ మేతో, ఊకను ఎలా ఉంచాలో తెలుగులో ఒక్క పేజీ రాసి రైతు చేతిలో పెట్టి, నష్టం మాదని సంతకం చేసి మొదలుపెట్టడానికి అడ్డేమిటి? అంత చిన్న పని కూడా చేయకుండా శాస్త్రం, పరిశోధన అని పెద్ద మాటలు మాట్లాడకండి. ముందు ఆ ఆరు కోళ్లను చావుల లెక్కలోంచి తీసేయండి. కోత వేసిన పెంపకం ఛార్జీలు రైతు ఖాతాలో వేయండి. ఆ తర్వాత ఆయన ఇంటికి వెళ్లి, ఆ ఎర్రరంగు ఏమిటో మీ నోటితో చెప్పండి.