పులిహోరలో జీడిపప్పు ఏరుకుని అన్నం పారేస్తామా?

మొన్న శనివారం రాత్రి మిస్సిసాగాలో ఎనిమిది మందిమి సుషీకి వెళ్ళాం. సుషీ అంటే పుల్లటి అన్నం, చేప కలిపి చేసే జపాన్ వంటకం. టొరంటో చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఈ పద్ధతి తెలిసిందే. మనిషికి ఇంత అని కడితే రెండు గంటల పాటు ఎంత కావాలంటే అంత తినొచ్చు. మేం వెళ్ళిన చోట వారాంతం డిన్నర్ 38 డాలర్లు. 13 శాతం పన్ను, టిప్ కలిపితే 50కి దగ్గరైంది. ఆ 50 డాలర్లను ఎలాగైనా రాబట్టాలన్న పంతం వల్ల మా టేబుల్ దగ్గర జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బాగోలేదు. గ్రూపులో రాస్తే గొడవవుతుందని ఇక్కడ రాస్తున్నాను. మా వాళ్ళు చదివినా పర్లేదు.

కూర్చోగానే ట్యాబ్లెట్ ఇచ్చారు. అది ఒకడి చేతిలో పడింది. సాల్మన్ నిగిరి (చిన్న అన్నం ముద్ద మీద చేప ముక్క) 24, ట్యూనా 16, రొయ్య 16, ఈల్ 8, ఇంకా రోల్స్, టెంపురా (పిండిలో ముంచి వేయించినవి), నూడుల్స్. "మొదటి రౌండ్‌లోనే లాగించేయాలి మామా, తర్వాత లేట్ చేస్తారు" అన్నాడు. మొదటిది టేబుల్ మీదకి రాకముందే రెండో రౌండ్ కూడా నొక్కేశాడు. నలభై నిమిషాలు గడిచేసరికి అందరి కడుపులూ నిండిపోయాయి, పళ్ళాలు మాత్రం నిండుగానే ఉన్నాయి. మిగిల్చితే ముక్కకి ఇంత అని అదనంగా వేస్తామని మెనూలోనే రాసి ఉంది.

అప్పుడు మొదలైంది అసలు పని. పైన చేప ముక్క ఒలుచుకు తినడం, కింద అన్నం ముద్దని టిష్యూలో చుట్టడం. కొన్ని టీ కప్పుల్లోకి వెళ్ళాయి, కొన్ని సోయా సాస్ గిన్నె కింద నలిగాయి, ఒకరైతే హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నారు. నేను నలభై దాకా లెక్కపెట్టాను. ఒక్కో ముద్ద నిమ్మకాయంత కూడా ఉండదు, కానీ నలభై కలిపితే ఇద్దరు కడుపు నిండా తినే అన్నం. పళ్ళాలు తీయడానికి వచ్చిన పెద్దావిడ ఒక కప్పు ఎత్తగానే బరువుకి అర్థమైపోయింది. లోపలికి చూసింది, మా వైపు చూసింది, ఏమీ అనకుండా పట్టుకెళ్ళిపోయింది. జరిమానా కూడా వేయలేదు. బయటికొచ్చాక మా వాళ్ళు దాన్ని గెలుపు అనుకున్నారు. నాకు మాత్రం తల ఎత్తలేనంత సిగ్గేసింది.

అక్కడే అడ్డుపడి ఉండాల్సింది. పడలేదు, అది నా తప్పు. కారెక్కాక అడిగాను. "50 డాలర్లు పెట్టాం, గిట్టుబాటు అవ్వాలా వద్దా? రైస్ తింటే లాస్ రా" అన్నాడు ట్యాబ్లెట్ పట్టుకున్నవాడు.

గిట్టుబాటు. మాది తాడేపల్లిగూడెం దగ్గర ఊరు. మా ఇంట్లో ఆ మాట ధాన్యం ధర గురించే విన్నాను. దాళ్వా కోతలప్పుడు అకాల వర్షం పడితే మా నాన్న ధాన్యాన్ని తారు రోడ్డు మీద ఆరబోసి, రాత్రంతా పట్టాలు కప్పుతూ కాపలా కాసేవాడు. తేమ 17 శాతం దాటిందంటే కొనేచోట ఆపేస్తారు. రంగు మారిందంటే ధర తగ్గిస్తారు. ఆ అన్నం తినే పెరిగాం మేం. ఆ కారులో ఉన్న ఎనిమిది మందిలో ఐదుగురం వరి పండించే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. మెతుకు కింద పడితే కళ్ళకద్దుకునే అమ్మల దగ్గర పెరిగినవాళ్ళం. సముద్రాలు దాటి వచ్చినంత మాత్రాన అన్నం 'లాస్' అయిపోతుందా?

ఒకరు ఫోన్‌లో చూసి, "అసలు పాతకాలం సుషీలో జపాన్ వాళ్ళే అన్నం పారేసేవాళ్ళట" అన్నారు. నిజమే, ఆ కథ నాకూ తెలుసు. ఉప్పు పెట్టిన చేపని వండిన అన్నంలో నెలల తరబడి ఊరబెట్టేవారు. అన్నం పులిసి, ఆ పులుపే చేపని పాడవకుండా కాపాడేది. అప్పటికి అన్నం గుజ్జయిపోతుంది కాబట్టి తీసేసి చేప తినేవారు. జపాన్‌లోని బీవా సరస్సు దగ్గర ఇప్పటికీ ఆ పద్ధతిలో ఫునాజుషి అనే సుషీ చేస్తారు. అంటే ఆ అన్నం నెలల పాటు పనిచేసి అరిగిపోయిన అన్నం. మనం టిష్యూలో చుట్టింది అప్పుడే వండి, వెనిగర్, పంచదార, ఉప్పు కలిపి చేసిన అన్నం. రెండూ ఒకటెలా అవుతాయి?

ఆ తర్వాత జపాన్ వాళ్ళే అన్నం గుజ్జవక ముందే తినడం మొదలుపెట్టారు. ఇంకొన్నాళ్ళకి పులియబెట్టడం మానేసి పులుపు కోసం వెనిగర్ కలిపారు. ఇప్పుడు మనం తినే నిగిరి 19వ శతాబ్దం మొదట్లో, అప్పట్లో 'ఎదో' (Edo) అనే పేరున్న టోక్యోలో, హనాయా యోహెయ్ అనే ఆయన ప్రాచుర్యంలోకి తెచ్చాడని చెబుతారు. సుషీ అన్న మాటకి మూలార్థమే పులుపు. ఆ పులుపు అన్నంలోనే ఉంది. మంచి చోట దాన్ని ఒంటి వెచ్చదనంతో వడ్డిస్తారు, అన్నం కుదరడం నేర్చుకోవడానికే శిష్యులు ఏళ్ళు గడుపుతారు. పులిహోరలో జీడిపప్పు ఏరుకుని మిగతాది పారేస్తే మీ అమ్మ ఊరుకుంటుందా?

ఇంకో సంగతి. మేం కొట్టుకు చచ్చిన సాల్మన్ ఉందే, అది జపాన్ సుషీలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. పసిఫిక్ సాల్మన్‌లో పరాన్నజీవులుంటాయని అక్కడ పచ్చిగా తినేవారు కాదు. 1980ల నుంచి నార్వే వాళ్ళు తమ పెంపకం సాల్మన్‌ని పట్టుబట్టి అమ్ముకున్నారు, అలా అలవాటైంది. అన్నం మొదటి నుంచీ ఉన్నది. నిన్నగాక మొన్న వచ్చిన ముక్కే అసలు సరుకు, అన్నం ఖాళీ నింపడానికి పెట్టింది అనుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

షుగర్ ఉన్నవాళ్ళు, అన్నం తగ్గించినవాళ్ళు ఉంటారు, అర్థం చేసుకోగలను. వాళ్ళ కోసమే డిన్నర్ మెనూలో సాషిమి ఉంది. ఉత్త చేప ముక్కలు. మనిషికి ఇన్నేనని పరిమితి ఉంటుంది, నిజమే. ఆ పరిమితి దాటడానికి నిగిరి తెప్పించి ఒలుచుకోవడమంటే మోసమే, ఇంకో మాట నాకు దొరకడం లేదు. ఇలాంటి చోట్లు చాలావరకు చైనా నుంచో కొరియా నుంచో వచ్చిన కుటుంబాలు నడుపుతుంటాయి. మనలాగే వలస వచ్చి, వారాంతం కూడా నిలబడి పనిచేసేవాళ్ళు. అన్నం కూడా తింటామన్న నమ్మకం మీదే ఆ 38 డాలర్ల లెక్క నిలబడుతుంది.

మన బంతి భోజనాల్లో మారు వడ్డన ఎందుకుంది? మొదట కొద్దిగా వేస్తారు, కావాలంటే మారు అడుగుతాం, చాలంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. పళ్ళెం చూసుకుంటూ, పక్కవాడితో మాట్లాడుకుంటూ తింటాం. రెండు గంటల సమయం మనిషికి ఆరు ముక్కల చొప్పున నాలుగుసార్లు తెప్పించుకోవడానికి హాయిగా సరిపోతుంది. వేడివేడిగా వస్తుంది, టెంపురా మెత్తబడదు, రోల్స్‌కి చుట్టే నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు) కరకరలాడుతుంది. మధ్యలో అల్లం ముక్క నోట్లో వేసుకుంటే తర్వాతి చేప రుచి విడిగా తెలుస్తుంది. మొన్న ఆ రుచులేవీ నాకు గుర్తు లేవు. ఆరు నెలల తర్వాత ఎనిమిది మందీ కలిస్తే మాట్లాడుకున్నది "ఇంకా ఎన్ని మిగిలాయి, నువ్వు రెండు తీసుకో" అన్న మాటలే. ఒకతను కొత్త ఉద్యోగం వచ్చిందని చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. ఎవరూ మళ్ళీ అడగలేదు. నేనూ అడగలేదు.

వచ్చే నెల పుట్టినరోజుకి మళ్ళీ అక్కడికే అంటున్నారు. తప్పకుండా వస్తాను. ఆ ట్యాబ్లెట్ మాత్రం నా చేతికివ్వండి. మనిషికి ఆరు ముక్కలు నొక్కుతాను, అవి అన్నంతో సహా అయ్యాక మారు అడగండి. కొత్త ఉద్యోగం వచ్చినవాణ్ణి నా పక్కన కూర్చోబెట్టండి.