ఉత్తరపు గోడ మీది గాజు బీరువా గారికి బహిరంగ లేఖ

కడప,
దసరాకు ముందు ఆదివారం.

మహారాజశ్రీ గాజు బీరువా గారి దివ్యసముఖమునకు, ఈ ఇంటి లెక్కల మాస్టరు నమస్కరించి రాయు లేఖార్థములు.

ఉభయకుశలోపరి. ఉభయులలో తమరి కుశలానికి లోటేమీ లేదన్న సంగతి హాల్లో అటూ ఇటూ తిరిగే నాకు కనబడుతూనే ఉంది. తమరి అరల మీద ఈనాడు ఎవరెవరు కొలువుదీరి ఉన్నారో కింద మనవి చేసుకుంటాను. అంతకు ముందు తమరు ఏ పని మీద ఈ ఇంటికి వచ్చారో ఒకసారి గుర్తు చేయవలసి ఉంది, ఎందుకంటే ఆ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ జ్ఞాపకం ఉన్నట్టు లేదు.

తమరు వచ్చింది రైలు కోసం. పండగ అడ్వాన్సుల్లోంచి, పరీక్ష పేపర్లు దిద్దిన డబ్బుల్లోంచి పదకొండేళ్ళపాటు కొద్దికొద్దిగా మిగిల్చి నేను కూడబెట్టిన ఆస్తి ఒక డబ్ల్యూఏపీ-7 ఇంజను, దాని వెనక ఎనిమిది ఎల్‌హెచ్‌బీ రకం ప్రయాణికుల పెట్టెలు. ఇవి నమూనా రైళ్ళ లెక్కలో హెచ్‌ఓ కొలతవి. ఓ అనే కొలతలో సగం (హాఫ్ ఓ) కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. అసలు రైలులోని అడుగు ఇందులో మూడున్నర మిల్లీమీటర్లవుతుంది, అంటే 87వ వంతు. ఇంటికి వచ్చిన బంధువులు వీటిని బొమ్మలంటారు. అన్న ప్రతిసారీ నేను నమూనాలని సవరిస్తాను. వాళ్ళు బుద్ధిగా తలూపి, ‘అయితే ఆ బొమ్మ ఒకటి మా పిల్లోడికి ఇయ్యి, ఆడుకుని ఇస్తాడు’ అంటారు. అలా ఒకసారి ఇచ్చిన స్లీపరు పెట్టె చక్రాలు ఒక చేతిలో, డొక్క ఒక చేతిలో తిరిగి వచ్చాక, అతికించినంత అతికించి, అన్నిటినీ చెప్పుల డబ్బాల్లో సర్ది అటక ఎక్కించాను. చెప్పుల డబ్బాలో ఉన్న రైలుకూ, లేని రైలుకూ పెద్ద తేడా ఉండదని తెలిసిన రోజున తమరి ఆలోచన పుట్టింది.

తమరు చెక్కతో పుట్టడం ఈ ఊళ్ళో సామాన్యమైన విషయం కాదు. చెన్నైలోనూ బెంగళూరులోనూ వంటింటి అరలు కడప బండతో వేయించుకుంటారు. మా కాళ్ళ కింది సున్నపురాతికి భూగర్భ శాస్త్రజ్ఞులు మా జిల్లాలోని నార్జి అనే పల్లె పేరే పెట్టుకున్నారు. అలాంటి చోట ప్లైవుడ్డు మాట ఎత్తగానే ఎర్రగుంట్ల నుంచి వచ్చిన మా మామ కాఫీ గ్లాసు కింద పెట్టి, ‘బండల గని పక్కన ఇల్లు పెట్టుకుని చెక్క కొంటావా, అల్లుడూ?’ అని అడిగాడు. 8 అడుగుల పొడవు, 5 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న బండ ఒక్కటే 20 కిలోలకు తగ్గదనీ, నాలుగు అరలకు 80 కిలోలు గోడకు వేలాడతాయనీ లెక్క చెప్పాను. దానికి ఆయన బెదరలేదు. కానీ ఎండ పడితే ప్లాస్టిక్ రంగు వెలిసిపోతుందని నేను ఎంచుకున్నది ఉత్తరపు గోడ. ఉత్తరాన బరువు పెట్టకూడదని వాస్తు. ఆయన సిద్ధాంతాన్ని ఆయన మీదికే తిప్పేసరికి కడప బండ వెనక్కి తగ్గింది. వాస్తుకు నేను రుణపడిన సందర్భం నా జీవితంలో ఇదొక్కటే.

ఇక కొలతల విషయం. ఇది రాస్తుంటే చెయ్యి ఆడడం లేదు గానీ, దాచడం న్యాయం కాదు.

అసలు ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు దాదాపు 24 మీటర్లు. 87తో భాగిస్తే దాదాపు 27న్నర సెంటీమీటర్లు. ఎనిమిది పెట్టెలకు 220 సెంటీమీటర్లు. ఇంజను పొడవు 20 మీటర్ల పైచిలుకు కాబట్టి ఇక్కడ దాదాపు 23న్నర. మొత్తం 243న్నర సెంటీమీటర్లు. ప్లైవుడ్డు షీటు పొడవు 8 అడుగులు, అంటే 243 సెంటీమీటర్ల 8 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్ల మిగులు! ఇంటి బడ్జెట్టు ఏ నెలలోనూ ఇంత చక్కగా కుదరని నాకు ఆ కాగితం చూసుకుంటే కళ్ళు చెమర్చాయి. అసలైన ఇరవై రెండు పెట్టెల బండిని నిలబెట్టాలంటే ఆరు మీటర్ల పైన కావాలి. మా హాలు 14 అడుగులు, నాలుగు మీటర్ల పైచిలుకు మాత్రమే కాబట్టి గార్డు పెట్టె వంటింట్లో పోపుల డబ్బా పక్కన నిలబడవలసి వచ్చేది. ఎనిమిది పెట్టెలతో సరిపెట్టుకున్న నా సంయమనాన్ని నేనే మెచ్చుకున్నాను.

వడ్రంగి తమరిని బిగించి వెళ్ళిన సాయంత్రం బండిని వరసగా పేర్చుకుంటూ వచ్చి, చివర ఇంజను పెట్టబోతే అది పట్టలేదు. నేను షీటు పొడవు కొలిచాను. కానీ బీరువా అన్నాక అటొక పక్కచెక్క, ఇటొక పక్కచెక్క ఉంటాయి. ఒక్కొక్కటి 19 మిల్లీమీటర్లు. రెండూ కలిసి నా మిగులును మింగి, ఇంకో మూడున్నర సెంటీమీటర్లు అప్పు పెట్టాయి. లోపలి కొలతకూ వెలుపలి కొలతకూ తేడా చూడని పిల్లల చేత బోర్డు దగ్గర వందసార్లు గోడకుర్చీ వేయించిన మనిషిని నేను. పైగా ఒకే లెక్కలో ‘దాదాపు’ అన్న మాట మూడుసార్లు వాడితే ఫలితం ఇలాగే ఉంటుందని కూడా వాళ్ళకు చెప్పినవాణ్ణే.

మర్నాడు వడ్రంగి వచ్చి, తల గోక్కుని, ఇంజనునూ పక్కచెక్కనూ మార్చి మార్చి చూసి, ‘దీనికేముంది సార్, సొరంగం పెట్టేద్దాం’ అన్నాడు. మూడో అర పక్కచెక్కకు గుండ్రంగా రంధ్రం కోశాడు. ఇంజను ముక్కు అందులోంచి ఒక వేలి వెడల్పు బయటికి వచ్చి, తలుపు తీసేవాళ్ళను పలకరిస్తున్నట్టు నిలబడింది. తమరి రూపలావణ్యాల్లో నాకు నిజంగా నచ్చిందంటూ ఉంటే ఆ సొరంగం ఒక్కటే. అయితే ఇంజను బయటికి చూసే దారిలోనే బల్లి లోపలికి చూస్తుందని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. అది రెండో ఏసీ పెట్టె పైకప్పు మీద కాపురం పెట్టి మూడు వారాలైంది.

గోడ సంగతి క్లుప్తంగా చెబుతాను. మా నాయన కట్టించిన ఈ ఇంటి గోడ నాపరాయి. డ్రిల్లు మనం పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటికి పోదు, రాయి రానిచ్చిన చోటికి పోతుంది. కాబట్టి తమరు పుట్టుకతోనే కాస్త వాలి పుట్టారు. చూపుకు అందలేదు గానీ రైలుకు అందింది: ఇంజను లేకుండా పెట్టిన పెట్టెలు రాత్రి ఫ్యాను గాలికి వాటంతట అవే బయలుదేరి, తూర్పు చివర పక్కచెక్కకు కొట్టుకుని ఆగేవి. ఆ చప్పుడుకు లేచి వచ్చినవాడు మా నాయన.

ఆయన గుంతకల్లు డివిజనులో ముప్పయ్యేళ్ళు గార్డుగా చేసి రిటైరయ్యారు. 2022లో ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజరని పేరు మార్చారని చెబితే, ‘మేనేజరుకు లాంతరు ఇస్తారా?’ అని మాత్రం అడిగారు. నందలూరు షెడ్డులో బొగ్గింజన్లు ఉన్న రోజులు ఎరిగిన మనిషి కాబట్టి నా ప్లాస్టిక్ ఇంజనును ఆయన ఎన్నడూ ఇంజనుగా లెక్కపెట్టలేదు. కానీ కట్టివేయని పెట్టెలు యార్డులో దొర్లడం ఆయన చూస్తూ ఊరుకునే విషయం కాదు. రసమట్టం తెప్పించి తమరి మీద పెట్టి, ‘స్టేషను యార్డులో వాలు 400కు 1 దాటకూడదురా’ అన్నారు. 8 అడుగుల మీద ఆ లెక్క 6 మిల్లీమీటర్లవుతుంది. తమరు 11 మిల్లీమీటర్లు వాలి ఉన్నారు. ఆయన ఇంకేమీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు కందిబేడలు తెచ్చి, ఒక్కో పెట్టెకు రెండు చొప్పున, చప్పటి వైపు కిందికి వచ్చేలా చక్రాల కింద తోసి, వేలితో నెట్టి చూసుకుని పడుకున్నారు. అసలు రైళ్ళకు కొయ్య చీలికలు ఎంత నమ్మకంగా పనిచేస్తాయో నాకు తెలియదు గానీ, 87వ వంతు రైలుకు కందిబేడ దేవుడిచ్చిన కొలత.

అదే రాత్రి ఆయన కళ్ళద్దాలు సర్దుకుని పట్టా వైపు వంగి, ‘ఇది మన లైను కాదే’ అన్నారు. నేను నిలబడిపోయాను. ఆ మాట నిజం. హెచ్‌ఓ పట్టా వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, 87తో హెచ్చిస్తే ఐరోపా వాళ్ళ 1,435 వస్తుంది. మన బ్రాడ్ గేజి 1,676. మన ఇంజను మన పట్టా మీద నిలబడాలంటే ఇక్కడ 19 మిల్లీమీటర్ల పైన ఉండాలి. మూడు మిల్లీమీటర్లకు లోపు తేడాను ఆ కన్ను పట్టింది; మూడున్నర సెంటీమీటర్ల తేడాను నా కన్ను పట్టలేదు. తమరు మోస్తున్నది పరాయి పట్టా అన్న రహస్యం ఇంతవరకు మా ముగ్గురికే తెలుసు.

ఇప్పుడు అసలు ఫిర్యాదుకు వస్తాను. తమరి ముందు పాత రిజర్వేషను పెట్టె ఎంతో నయం.

అద్దాలు బిగించి వారం తిరగకముందే దేవుని కడప వెంకన్న పటం పై అరలోకి వచ్చింది. దేవుడి పేరుతో ఎక్కినవాణ్ణి టికెట్టు అడిగే ధైర్యం ఏ టీటీఈకి ఉంటుంది? తర్వాత మావాడి కబడ్డీ కప్పు వచ్చి, ‘కాస్త జరగండి’ అంది. కప్పు వెనక వాడి రెండో కప్పు. గృహప్రవేశానికి ఎవరో పెట్టిన ఆరు గాజు గ్లాసుల సెట్టు, అట్టపెట్టె విప్పకుండానే, ఇంకెవరికో పెట్టడానికి పనికొస్తుందని ఎక్కి కూర్చుంది. ఆ తర్వాత ఎక్కినవాళ్ళకు లెక్క లేదు: కరెంటు బిల్లులు, ఆధార్ జిరాక్సులు, బ్యాటరీలు తీసేసిన రిమోటు, మా నాయన బీపీ మాత్రలు, నాలుగు అగ్గిపుల్లలు మిగిలిన అగ్గిపెట్టె. ఇవన్నీ జనరల్ టికెట్టు మీద వచ్చి, కిటికీలోంచి తువ్వాలు వేసి, సీటు తమదేనన్నట్టు ప్రవర్తించాయి. ఒక్కొక్కరు ఎక్కినప్పుడల్లా నా బండి నుంచి ఒక్కో పెట్టె దిగి, మళ్ళీ చెప్పుల డబ్బాలోకి పోయింది. మా ఆవిడను అడిగితే, ‘యాడన్నా పెట్టాల గదండీ? ఇంట్లో అద్దాలుండే బీరువా ఇదొకటే గదా!’ అంది. ఆ వాదనకు బదులు చెప్పగలిగిన మొగుణ్ణి నేను కడపలో ఇంకా చూడలేదు.

తమరు మాత్రం ఒక్కరినైనా ఆపారా? అద్దం తలుపు కాస్త బిగుసుకుని ఉంటే, పక్కకు జరగనని మొరాయించి ఉంటే, సగం మంది బల్ల మీదే ఆగిపోయేవారు. లేదు, నేను నూనె రాసి నున్నగా చేసిన గాడిలో తమరు అందరికీ ఒకే రకంగా, ఒక్క వేలికే తెరుచుకున్నారు. చివరకు బండిలో మిగిలింది ఇంజను, బల్లి ఉన్న పెట్టె, మా నాయన తీయనివ్వని మరొక పెట్టె. ఆ ఇంజను ముక్కుకు ఉన్న కప్లింగు కొక్కేనికి మొన్నటి నుంచి స్కూటరు తాళంచెవి వేలాడుతోంది. సొరంగంలోంచి ముక్కు బయటికి వచ్చి ఉండడం వల్ల అక్కడైతే పోకుండా ఉంటుందని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఇంతలో దసరా వచ్చింది. ఈ ఏడు బొమ్మల కొలువు తమరి మీదనే అని నిన్న రాత్రి అన్నం దగ్గర తెలిసింది. కొలువుకు మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. తమరికి అరలు నాలుగు. కాబట్టి ఐదో మెట్టు వేయడానికి వడ్రంగి రేపు మళ్ళీ వస్తున్నాడు. పై మెట్టున కలశం, దాని కింద దశావతారాలు, ఆ కింద కొండపల్లి పెళ్ళి ఊరేగింపు, అన్నిటికన్నా కింద రాగి నారు పోసి పెట్టే ఊరు. కప్పులు, గ్లాసులు, జిరాక్సులు తొమ్మిది రోజులపాటు ఖాళీ చేస్తాయట. దేవుడు మాత్రం ఉంటాడు.

అప్పుడు మా ఆవిడ, కూర వడ్డిస్తూనే, ‘కింద ఊరు పెట్టే కాడ మీ రైలు కూడా పెట్టుకోండి. నారు మధ్యలో బాగుంటుంది. కానీ కొలువులో పెట్టేది బొమ్మే అయి ఉండాల’ అంది. మా నాయన నా వైపు చూశారు. నేను మజ్జిగ పోసుకుంటూ ఉన్నాను. కింది మెట్టు నేల మీదనే ఆనుతుంది కాబట్టి దానికి పక్కచెక్కలు ఉండవు. ఎనిమిది పెట్టెలూ ఇంజనూ పూర్తిగా పడతాయి, ముక్కు బయటికి రాకుండా.

కనుక తమరికి లిఖితపూర్వకంగా తెలియజేసుకునేదేమనగా, విజయదశమి దాకా అవి బొమ్మలే. అటక మీది చెప్పుల డబ్బాలు ఈ సాయంత్రమే దించాను. రేపు మెట్టు కోసే ముందు కొలత వడ్రంగీ నేనూ వేరువేరుగా తీసి, రెండూ సరిపోయాకే రంపం పట్టుకోవాలని ఒప్పందం చేసుకున్నాం. తమరు ఆ కాసేపైనా వాలకుండా నిలబడతారని ఆశిస్తూ,

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి మూడో అరలో రిజర్వేషను ఉండీ నిలబడి ప్రయాణిస్తున్న
లెక్కల మాస్టరు.

తా.క. కొలువు కోసం తమరిని తుడిచేటప్పుడు చక్రాల కింది కందిబేడలను ఎవరూ తీసి పప్పులో వేయకుండా చూడవలెను. అవి లెక్కపెట్టి ఉన్నాయి.