ఊపిరి పీల్చండి తల్లీ!

పిల్లవాడు నేల మీద పడి దొర్లి దొర్లి ఏడుస్తుంటే నా ఫోన్ టింగుమంది. "ఒక్క క్షణం ఆగండి. మీ శ్వాసను గమనించండి" అంది. గమనించాను. ఆడుతోంది. వాడి ఏడుపూ ఆడుతూనే ఉంది.

పిల్లల్ని పెంచేవాళ్లు మైండ్‌ఫుల్‌గా ఉండాలట. ఈ క్షణంలోనే ఉండాలి, మంచీ చెడూ ఎంచకూడదు. గోడ మీద గీతలు చూసి "ఓరి నాయనో" అనకూడదు. "నీలం రంగు ఉంది" అని గమనించి వదిలేయాలి. పర్మనెంట్ మార్కర్ అయితే ఏళ్ల తరబడి గమనించుకోవచ్చు.

ఈ విద్యలో తొలిపాఠం ఎండుద్రాక్ష. వెక్కిరింపు కాదు, నిజంగానే. ఒక్క పండును అరచేతిలో పెట్టుకుని, పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చూడనట్టు చూడాలి. ముడతలు తడమాలి. వాసన చూడాలి. చెవి దగ్గర నలిపి వినాలి. నోట్లో వేసుకుని నమలకుండా ఆగాలి. నేనింకా ముడతల దగ్గరే ఉన్నాను, మా రెండేళ్లవాడు వినడం దాకా ముగించేసి, పాఠంలో లేని మెట్టు కూడా ఎక్కేశాడు. ముక్కులో పెట్టుకున్నాడు! ఆ తర్వాత అరగంట ఇంటిల్లిపాదీ టార్చిలైటు పట్టుకుని వాడి శ్వాసనే గమనించాం. అంత ఏకాగ్రత నాకు పరీక్షలప్పుడు కూడా కుదరలేదు.

1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ఈ విద్యను కోర్సుగా నేర్పడం మొదలుపెట్టారు, ఏళ్ల తరబడి నొప్పులు వదలని రోగుల లాంటివాళ్ల కోసం. 8 వారాల కోర్సు, ఇంటి దగ్గర రోజూ ఇంచుమించు 45 నిమిషాల సాధన. ఆయనతో నాకు పేచీ లేదు. కానీ 45 నిమిషాలా! నేను బాత్‌రూమ్ తలుపేసుకున్న రెండో నిమిషానికే కింది సందులోంచి బుల్లి వేళ్లు లోపలికొస్తాయి.

రాత్రి మూడుసార్లు లేచిన మనిషికి కావలసింది నిద్ర. శ్వాస కాదు, నిద్ర! ఒక్క గంట బిడ్డనెత్తుకోవడానికి చెయ్యి రాదు గానీ, సలహాకు నోరొస్తుంది. రాత్రి పదింటికి పని పురమాయించే బాసుకు "ఒక్క క్షణం ఆగండి" అని ఏ ఫోనూ చెప్పదేం? ఓపిక చచ్చి ఓసారి కసిరితే, "నువ్వు సరిగ్గా సాధన చేయట్లేదు" అట. అలసిపోవడం కూడా మా తప్పేనా? సిగ్గులేకపోతే సరి.

ఫోన్ మళ్లీ టింగుమంది. ఈసారి శబ్దం నీళ్ల బకెట్లోంచి వచ్చింది.