మా బడికి బహుభాషా కన్వీనర్‌ని నేనే

బడి మొత్తాన్ని బహుభాషామయం చేయాలని మా స్టాఫ్ మీటింగులో ఏకగ్రీవంగా తీర్మానించాం. ఏకగ్రీవం అంటే ఎవరూ తలెత్తలేదని అర్థం. అమ్మభాష గొప్పతనం మీద వచ్చిన నాలుగు పేజీల ఇంగ్లిష్ కాగితాన్ని అందరూ ఫోన్లో చదువుకుంటున్నారు. సర్వీసులో చిన్నవాణ్ని గనక కన్వీనర్ పదవి నన్ను వరించింది.

మాది వరంగల్ దాటి ములుగు రోడ్డు పట్టుకుంటే వచ్చే బడి. తండా పిల్లలకు ఇంట్లో లంబాడీ. మెకానిక్ షెడ్ల పిల్లలకు ఉర్దూ. ఏటూరునాగారం దిక్కు నుంచి కూలికొచ్చిన వాళ్లకు కోయ. చలి పడితే ఇటుక బట్టీలతో పాటు ఒడియా కూడా దిగుతుంది. మిగతావాళ్లది తెలుగే అని రాసుకున్నాం. కానీ వాళ్లు 'గట్ల' అంటే 'అలా' అని దిద్దుతున్నాం కాబట్టి, దాన్ని వేరే భాషగా లెక్కేయాలా వద్దా అన్నది సబ్‌కమిటీకి వదిలేశాం. సెప్టెంబర్ 9న, కాళోజీ పుట్టినరోజున తెలంగాణ భాషా దినోత్సవం చేస్తాం. ఆ ఒక్కరోజు దిద్దం.

మొదటి దశ సర్వే. నేను గీసిన ఫారంలో మూడు గడులు: తెలుగు, ఉర్దూ, ఇతరములు. లెక్క తేలాక చూస్తే మా బడిలో ఎక్కువమంది పిల్లల మాతృభాష పేరు 'ఇతరములు'. నివేదికలో అలాగే పంపాం. ఇంకా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మేం తొందరపడుతున్నామని మాత్రం ఎవరూ అనలేరు. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో అమ్మభాషలో చదువు చెప్పే వసతి ఉండాలని 350ఏ అధికరణ అంటుంది. అది రాజ్యాంగంలో చేరింది 1956లో. ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే కోయ, గోండి, కొలామి, లంబాడీ వంటి ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టి, తెలుగు లిపిలోనే వాచకాలు అచ్చేశారు. ఒక సెట్టు ఎట్లాగో మా బీరువాకూ చేరిందని పాత సార్లు అంటారు. తాళంచెవి మాత్రం బదిలీ అయిన సారుతో పోయింది. 2020 జాతీయ విద్యావిధానం వచ్చి, వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటిభాషలోనే చెప్పమంది. అందులో 'వీలైనచోట' అన్న మాట కింద ఎర్రపెన్నుతో గీసి ఫైలుకు కుట్టుకున్నాం. 2022లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. కోయ పిల్లగాడు ఏ పేజీ చూడాలన్నది వాడి ఇష్టం; మేం ఒత్తిడి చేయం.

రెండో దశ గోడ. ఉన్న నిధుల్లో చాలావరకు ఈ గోడకే పోయాయి. అన్ని భాషల్లో 'నమస్కారం' రాయించాం. చోటు మిగిలితే ఫ్రెంచి కూడా వేయించాం. కోయలో ఏమంటారో పెయింటర్‌కు మేం చెప్పలేకపోయాం. పాపం, ఆ గడి ఖాళీగా వదిలేసి చుట్టూ పూలతీగ గీశాడు. మొత్తం గోడలో అందంగా ఉన్నది అదే.

ఇక అమలు. ఒకరోజు మధ్యాహ్నం ఒకటో తరగతి కోయ పిల్లగాడు నా కుర్చీ దగ్గరికొచ్చి "ఏరు" అన్నాడు. "ఏటికి పోవద్దు బిడ్డా, లోతుంటది" అన్నాను. మళ్లీ "ఏరు" అన్నాడు, పెదాలు నాలుకతో తడుపుకుంటూ. పరిసరాల మీద ఇంత ఆసక్తి ఉన్న పిల్లగాణ్ని నేను చూడలేదు. కాగితం, నీలిరంగు క్రేయాన్ ఇచ్చి "ఏరు గియ్యి" అన్నాను. వాడు ఏడుపు అందుకున్నాడు. వంట చేసే అక్క గంటె పక్కన పెట్టి వచ్చి, స్టీలు గ్లాసు నిండా నీళ్లు ముంచి వాడి చేతికిచ్చింది. ఒక్క గుక్కలో తాగేశాడు.

"కోయల ఏరంటె నీళ్లే గద సార్" అంది.

ఆమె పుట్టిల్లు ఏటూరునాగారం దిక్కే. లంబాడీ, ఉర్దూ కూడా గడగడా మాట్లాడుతుంది. కమిటీలో వేద్దామని నేను ప్రతిపాదిస్తే పెద్దసారు అర్హత పత్రాలు అడిగారు. న్యాయమే. మా వర్క్‌షాపుకు చాయ్ బాధ్యత అప్పగించాం.

మా పాప హన్మకొండలో చదువుతుంది. అక్కడ తెలుగు మాట్లాడితే ఫైను. నెలనెలా ఎంత కడుతున్నానో ఈ ప్రాజెక్టుకు సంబంధం లేని విషయం.

ఫిబ్రవరి 21, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవానికి ఫొటోలు కావాలి గనక రిహార్సల్స్ నడుస్తున్నాయి. 'ఐ లవ్ మై మదర్ టంగ్' అన్న అట్ట ఆ పిల్లగాడి చేతికే ఇచ్చాం. నిన్న వాడు లేచి, చేతులు కట్టుకుని, "సార్, మే ఐ డ్రింక్ వాటర్" అన్నాడు. ఒక్క తప్పు లేదు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ప్రాజెక్టు డైరీలో 'లక్ష్యం నెరవేరింది' అని రాసి తారీఖు వేశాను.

సాయంత్రం అక్క గిన్నెలు తోముకుంటూ అడిగింది: "ఆ పోరడు ఇప్పుడు నాతోటి మాట్లాడుతలేడు. ఏమన్నరు సార్ వాన్ని?"