జావాస్క్రిప్ట్ అందకపోయినా ఫారం పనిచేయాలా?

పూర్వపక్షి: వెబ్ పేజీతో పాటు వచ్చి బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రాం (స్క్రిప్టు) అయిన జావాస్క్రిప్ట్‌ను తామే ఆపుకొనేవారు బహు స్వల్పం. వారి కోసం ప్రతి ఫారాన్నీ రెండు విధాలుగా పనిచేసేటట్టు రాయమనడం న్యాయం కాదు.

సిద్ధాంతి: మీరు ఆపుకొన్నవారినే లెక్కిస్తున్నారు. 2013లో బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీస్ తమ సైటులో కొలిచి చూసినప్పుడు, 1.1 శాతం మందికి జావాస్క్రిప్ట్ అందడం లేదని తేలింది. అందులో దాన్ని ఆపుకొన్నవారూ, అది నడవని బ్రౌజర్లు వాడేవారూ కలిపి 0.2 శాతమే. తక్కిన 0.9 శాతం మంది దగ్గర అది పనిచేయవలసి ఉండీ పనిచేయలేదు. సిగ్నల్ మధ్యలో పోవచ్చు, ఆఫీసు ఫైర్‌వాల్ అడ్డుకోవచ్చు, ముందు వచ్చిన స్క్రిప్టులోని ఒక్క తప్పు తక్కినదంతా ఆపేయవచ్చు. ఇవి ఎవరికైనా, ఏ రోజైనా ఎదురయ్యేవే.

పూర్వపక్షి: సరే, జిల్లా ఎంచుకోగానే దాని మండలాలు చూపించే జాబితాను స్క్రిప్టు లేకుండా ఎలా ఇస్తారు?

సిద్ధాంతి: మొదటి పేజీలో జిల్లా అడిగి, "ముందుకు" అనే బటన్ నొక్కాక, ఆ జిల్లా మండలాలతో రెండో పేజీని సర్వరే పంపుతుంది. ఫారం ట్యాగు, సబ్మిట్ బటన్ వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో 1995 నాటి 2.0 రూపంలోనే ఉన్నాయి. ఈ పునాది నిలిచాక, స్క్రిప్టు అందినవారికి రెండు పేజీలనూ ఒకటిగా చూపించండి. దానికి నా అభ్యంతరం లేదు.

పూర్వపక్షి: మరి తప్పులను అప్పటికప్పుడు చూపడం? ఒకే తనిఖీని రెండు చోట్ల రాయాలి కదా!

సిద్ధాంతి: సర్వర్‌లో తనిఖీ ఎలాగూ తప్పదు, ఎందుకంటే బ్రౌజర్‌ను పక్కన పెట్టి నేరుగా డేటా పంపగలవారు ఉంటారు. ఖాళీగా వదలకూడని గడినీ, ఈమెయిల్ రూపాన్నీ హెచ్‌టీఎంఎల్ గుర్తులను బట్టి నేటి బ్రౌజరే చూసుకొంటుంది. తప్పు దొరికితే, నింపినదేదీ చెరిపేయకుండా, ఆ గడి పక్కనే కారణం రాసి అదే ఫారాన్ని తిరిగి ఇవ్వాలి. అన్నీ సరిగా ఉంటే 303 సమాధానంతో, అంటే వేరే చిరునామా తెరవమని సర్వర్ బ్రౌజర్‌కు చెప్పే సంకేతంతో, వేరే పేజీకి పంపాలి. అప్పుడు పేజీని రిఫ్రెష్ చేసినా దరఖాస్తు రెండోసారి వెళ్లదు.

పూర్వపక్షి: మ్యాపు మీద పొలం హద్దులు గీయించే ఫారం సంగతేమిటి? అక్కడ మీ మాట నిలవదు.

సిద్ధాంతి: గీత గీయడం స్క్రిప్టు పనే, ఒప్పుకొంటున్నాను. అయినా సర్వే నంబరు రాసే గడి ఒకటి ఉంచితే దరఖాస్తు అంతటితో ఆగిపోదు. నన్ను ఎక్కువగా బాధించేది అంతకంటే చిన్న విషయం: అన్ని గడులూ నింపాకే స్క్రిప్టు తెరిచేటట్టు సబ్మిట్ బటన్‌ను మొదటినుంచీ మూసి ఉంచడం. స్క్రిప్టు రాకపోతే అది ఎప్పటికీ తెరుచుకోదు. ఫీజు గడువు చివరి రోజున అన్నీ సరిగా నింపిన విద్యార్థికి తప్పు ఎక్కడుందో చెప్పేవారు కూడా ఉండరు.

పూర్వపక్షి: మా ఫారాలన్నీ స్క్రిప్టుతో బ్రౌజర్‌లోనే తయారయ్యే పద్ధతిలో ఉన్నాయి. వాటిని మార్చడానికి నెలలు పడుతుంది.

సిద్ధాంతి: అన్నీ ఒకేసారి మార్చమనడం లేదు. గడువు ఉన్నవాటితో, స్కాలర్‌షిప్ దరఖాస్తుతో, మొదలుపెట్టండి. ఆ మూసిన బటన్‌ను మాత్రం ఈరోజే తెరవండి.