మా ఇంట్లో అలాంటివేం లేవు

అమెరికాలో హైస్కూలు పిల్లలు టీమ్‌లో చేరి ఏ ఆట ఆడాలన్నా ముందు హెల్త్ ఫారం ఇవ్వాలి. డాక్టరు సంతకం పెట్టే పేజీ వేరు, తల్లిదండ్రులు నింపే పేజీ వేరు. చాలా రాష్ట్రాల్లో మనం నింపే పేజీలో ఒక ప్రశ్న ఉంటుంది. మీ బంధువుల్లో ఎవరైనా 35 ఏళ్లు నిండకుండా గుండెజబ్బుతో గానీ, కారణం తెలియకుండా ఉన్నట్టుండి గానీ చనిపోయారా అని. నీళ్లలో మునిగిపోవడం, ఎందుకు జరిగిందో తెలియని కారు ప్రమాదం కూడా ఇందులోకే వస్తాయని పక్కనే రాసి ఉంటుంది.

మనవాళ్లలో ఆ ప్రశ్నను రెండోసారి చదివేవాళ్లు ఎంతమంది? సోమవారం ప్రాక్టీసు మొదలవుతుందంటే ఆదివారం రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని, పైనుంచి కిందిదాకా ‘నో’ అన్న గళ్లలో టిక్కులు పెట్టుకుంటూ పోతాం. మా ఇంట్లో అలాంటివేం లేవు అని మనకంత నమ్మకం.

కళ్లు తిరిగి పడిపోయే పిల్లలకు ఈసీజీ ఎంత ముఖ్యమో, ఆ గళ్లలో మనం పెట్టే టిక్కు కూడా అంతే ముఖ్యమని నా అభిప్రాయం. మిగతా పరీక్షలకు ఇన్సూరెన్సు వాళ్లను బతిమాలుకోవాలి, అపాయింట్‌మెంటు కోసం నెలలు ఆగాలి. దీనికి ఇండియాకు నాలుగు ఫోన్లు చేస్తే సరిపోతుంది. కానీ చెయ్యం. చేసినా అవతలివాళ్లు సూటిగా చెప్పరు.

మునిగిపోవడానికీ గుండెకూ సంబంధం ఏమిటని అడగొచ్చు. లాంగ్ క్యూటీ అనే జబ్బు ఉంది. సుమారు 2000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. గుండె ఆకారం చక్కగానే ఉంటుంది. ఒక్కో స్పందన తర్వాత గుండె మళ్లీ విద్యుత్తు పుంజుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, అంతే. ఆ సందులో లయ తప్పితే మనిషి స్పృహ కోల్పోతాడు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఇందులో ఒక రకానికి పరుగూ, ముఖ్యంగా ఈతా ప్రమాదం. ఇంకో రకంలో అలారం, ఫోన్ మోత లాంటి హఠాత్తు శబ్దం చాలు. సీపీవీటీ అని మరొకటి ఉంది. ఆడేటప్పుడు, బాగా ఉద్వేగపడినప్పుడు గుండె లయ తప్పుతుంది. పడుకోబెట్టి తీసిన ఈసీజీ మామూలుగానే వస్తుంది కాబట్టి దీన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. ఈ రెండు జబ్బుల్లోనూ పోస్టుమార్టంలో గుండె మామూలుగానే కనిపిస్తుంది.

ఇప్పుడు మన ఊళ్లలో విన్న మాటలు గుర్తు చేసుకోండి. కాలువలో ఈతకెళ్లి పోయాడు. పెళ్లిలో డాన్సు చేస్తూ కుప్పకూలాడు. గాలి సోకింది. ఫిట్స్ ఉండేవి, ఏ మందులకూ తగ్గలేదు, ఓ రోజు నిద్రలోనే పోయింది. వీటిలో ఎక్కువ భాగం నిజంగా ప్రమాదాలే, నిజంగా ఫిట్సే అయ్యుండొచ్చు. కొన్ని కాకపోవచ్చు కూడా. లాంగ్ క్యూటీని మూర్ఛవ్యాధి అనుకుని ఏళ్ల తరబడి ఫిట్స్ మందులు వాడిన ఉదాహరణలు ప్రపంచమంతటా ఉన్నాయి.

మా అమ్మాయి స్కూల్లో నిలబడినచోటే పడిపోవడం మొదలైనప్పుడు పిల్లల గుండె డాక్టరు అడిగిన మొదటి ప్రశ్నల్లో ఇదీ ఒకటి. ఆ రాత్రి తెనాలిలో ఉన్న మా పెద్దమ్మకు ఫోన్ చేశాను. కాసేపు అటూ ఇటూ తిప్పి, చివరికి వాళ్ల చిన్న తమ్ముడి సంగతి చెప్పింది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు కాలువలో పోయాడు. ఈత సరిగ్గా రాదా పెద్దమ్మా అన్నాను. “రాకపోవడమేంట్రా, కాలువకి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చేపలా పోయేవాడు. ఆ మాట మా అమ్మ ముందు ఎత్తకూడదని నాన్న ఒట్టు వేయించుకున్నాడు” అంది. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరి నోటా రాని మనిషి!

డాక్టరు ఆ మాట రాసుకుని, ట్రెడ్‌మిల్ పరీక్ష, గుండె లయను రాసుకుంటూ ఒంటికి అతికించి ఉంచే పద్నాలుగు రోజుల మానిటరు కలిపి రాసింది. లాంగ్ క్యూటీ ఛాయలేవీ కనిపించలేదు. ఆ కుర్రాడు ఎందుకు పోయాడో ఎవరికీ తెలియదు, ఇక తెలిసేదీ లేదు. అయినా ఆ ఒక్క వాక్యం వల్ల పరీక్షల తీరు మారింది. నేను చెప్పేది అంతవరకే.

ఇంకో విషయం ఉంది, కాస్త ఇబ్బందికరమైనదే. 1957లో నార్వేకు చెందిన జెర్వెల్, లాంగే-నీల్సన్ అనే ఇద్దరు డాక్టర్లు పుట్టుచెవుడుతో పాటు స్పృహ తప్పి పడిపోయే పిల్లల గురించి రాశారు. అదీ లాంగ్ క్యూటీలో ఒక రకమే. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అదే లోపం వస్తేనే ఆ జబ్బు కనిపిస్తుంది. మనలో మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడాలు ఎంత మామూలో చెప్పక్కర్లేదు. అలాంటి పెళ్లి జరిగిన ప్రతి ఇంట్లో జబ్బు ఉంటుందని కాదు. కానీ ‘మీరిద్దరూ పెళ్లికి ముందే బంధువులా’ అని జెనెటిక్ కౌన్సెలరు (వంశపారంపర్య జబ్బుల గురించి సలహా చెప్పే నిపుణురాలు) అడిగినప్పుడు మొహం చిట్లించుకోకుండా జవాబు చెప్పాలి. ఆవిడ మన సంస్కృతిని వెక్కిరించడం లేదు, లెక్క వేసుకుంటోంది. మన జన్యువుల గురించి మనవాళ్లే చేసిన పరిశోధన కూడా ఉంది. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యులోపం భారతీయుల్లో దాదాపు 4 శాతం మందిలో ఉందని 2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, ఇతరులు కలిసి ప్రకటించారు. దాని ప్రభావం ఎక్కువగా నడివయసు దాటాక కనిపిస్తుంది. తాతయ్య ‘గుండె వాచి’ పోయాడంటే అది ముసలితనం ఖాతాలో రాసేసి ఊరుకోవద్దనడానికి చెబుతున్నాను.

భయపెట్టడానికి రాయడం లేదు. దాదాపు 15 శాతం మంది పిల్లలు పెద్దయ్యేలోపు ఒక్కసారైనా స్పృహ తప్పుతారని డాక్టర్లు చెబుతారు. వాళ్లలో ఎక్కువమందికి గుండెజబ్బు ఉండదు. ఎండలో నిలబడి, పొద్దున్నే ఏమీ తినక, రక్తం చూసి, సూది చూసి పడతారు. పడేముందు చెవుల్లో హోరు, కళ్లు బైర్లు కమ్మడం, చెమటలు ఉంటాయి. పడుకోబెట్టి కాళ్లు కాస్త పైకెత్తితే నిమిషంలో లేస్తారు. ఆ నిమిషంలో చేతులు నాలుగుసార్లు అదిరినంత మాత్రాన ఫిట్స్ అనుకోనక్కర్లేదు. చేతిలో తాళాల గుత్తి పెట్టక్కర్లేదు, లేపి కూర్చోబెట్టి నోట్లో నీళ్లు అసలు పోయకూడదు. దిష్టి తీస్తానంటే తీయండి, నాకేం అభ్యంతరం లేదు, కాకపోతే పిల్ల లేచి కూర్చున్నాక.

పరుగెత్తుతుండగా పడిపోతే సంగతి వేరు. ఈత కొడుతుండగా, ఉలిక్కిపడగానే, పడుకుని ఉండగా స్పృహ తప్పినా, ఏ సూచనా లేకుండా ధబీమని పడినా, పడేముందు గుండె పరుగులు తీసినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. కార్డియాలజిస్టు చూసి సరేననే దాకా ఆటలూ ఈతా ఆపేయాలి. గేమ్ ఉంది కదా, ఆదివారం అయ్యాక చూద్దాంలే అనకూడదు. గుండె ఉన్నట్టుండి స్విచ్ వేసినట్టు నిమిషానికి 200 సార్లు దాటి కొట్టుకుని, అలాగే ఉన్నట్టుండి ఆగితే అది ఎస్‌వీటీ అనే లయ జబ్బు కావచ్చు. చాలామందికి అబ్లేషన్‌తో, అంటే రక్తనాళం గుండా సన్నని తీగ పంపి లయ చెడగొట్టే చోటును మాడ్చేయడంతో, నయమైపోతుంది. ఆ సమయంలో ఈసీజీ దొరకడమే కష్టం, కాబట్టి పిల్ల చేతికి ఈసీజీ తీసే వాచీ ఉంటే అప్పుడే ఒక రికార్డింగు తీసి దాచండి.

మా అమ్మాయికి చివరికి తేలింది పాట్స్. 1993లో మేయో క్లినిక్ డాక్టర్లు ఈ పేరుతో దాన్ని వివరించారు. లేచి నిలబడిన 10 నిమిషాల్లో, బీపీ పెద్దగా పడిపోకుండానే, గుండె వేగం నిమిషానికి పెద్దల్లో 30, టీనేజీ పిల్లల్లో 40 పెరిగితే, ఆ ఇబ్బంది నెలల తరబడి ఉంటే పాట్స్ అంటారు. ఆడపిల్లల్లో ఎక్కువ. తరచూ ఏదో వైరల్ జ్వరం తర్వాత మొదలవుతుంది, కోవిడ్ తర్వాత మరీ ఎక్కువగా విన్నాం. నిలబడగానే రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగిపోతుంది. పైన ట్యాంకుకు నీళ్లు సరిగ్గా ఎక్కకపోతే మోటారు గింగిరాలు తిరిగినట్టు గుండె కొట్టుకుంటుంది. ప్రాణాపాయం లేదు. రోజు గడవడం మాత్రం నరకం.

డాక్టరు మొదట రాసిచ్చింది ఉప్పూ నీళ్లూ! పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పాట్స్ ఉన్నవాళ్లను దానికి రెట్టింపు దాకా తినమనే డాక్టర్లున్నారు. తాతయ్యల బీపీ చూసి ఉప్పు అంటేనే వణికే ఇళ్లు మనవి. మా ఇంట్లో ఒకే టేబుల్ దగ్గర మా నాన్నకు చప్పిడి కూర, మనవరాలికి ఆవకాయా ఉప్పేసిన మజ్జిగా. ఇది డాక్టరు చెప్పిన పిల్లలకే, కిడ్నీ, బీపీ చూశాకే. దాంతోపాటు బిగుతు సాక్సు, పడుకుని తొక్కే సైకిలుతో మొదలుపెట్టి నెలల మీద పెంచే వ్యాయామం. కొందరికి మందులు కూడా అవసరమవుతాయి. శాకాహారం తినే ఆడపిల్లలకు ఐరన్, బీ12 చూడమని మీరే అడగండి. రక్తం తక్కువగా ఉన్నా గుండె ఇలాగే పరుగెడుతుంది.

ఈ జబ్బులో ఒంటి బాధకంటే పెద్దది ఎవరూ నమ్మకపోవడం. పరీక్షలన్నీ నార్మల్ అనగానే చుట్టూ ఉన్నవాళ్లు తేల్చేస్తారు: చదువు టెన్షన్, ఫోను ఎక్కువైంది, స్కూలు ఎగ్గొట్టడానికి వేషాలు. ఒక స్పెషలిస్టు మా ముందే ‘యాంగ్జయిటీ’ అని రాసి పంపించేశాడు. గోడకు ఆనుకుని పది నిమిషాలు నిలబెట్టి పల్స్ లెక్కపెట్టే పరీక్షకు పైసా ఖర్చులేదు, ఆ ఓపిక ఆయనకు లేకపోయింది. ఆరోగ్య సమస్య ఉన్న పిల్లలకు స్కూలు ఇచ్చే వెసులుబాట్ల పత్రం, 504 ప్లాన్, అడగమంటే మన తల్లిదండ్రులు వెనకాడతారు, పిల్ల మీద ముద్ర పడుతుందని. 1973 నాటి చట్టం ఇచ్చిన హక్కు అది. క్లాసులో నీళ్ల బాటిలు, ఉప్పు చిరుతిండి, లిఫ్టు తాళం, పీఈలో (ఆటల పీరియడ్‌లో) కూర్చునే వీలు దానివల్లే వస్తాయి. ట్రాన్‌స్క్రిప్టులో ఆ సంగతి రాయరు. కాలేజీ సీటుకు దానితో పని లేదు.

సూట్‌కేసు సంగతి కూడా చెప్పాలి. ఇండియా నుంచి వస్తూ మందుల పొట్లం తెచ్చుకోని ఇల్లు మనలో లేదు. జలుబుకు అజిత్రోమైసిన్, వాంతులకు ఆండాన్‌సెట్రాన్, గ్యాస్‌కు డొంపెరిడోన్ కలిసిన మాత్ర. ఈ మూడూ గుండె క్యూటీని, అంటే అది మళ్లీ విద్యుత్తు పుంజుకునే సమయాన్ని, సాగదీసే మందులే. డొంపెరిడోన్‌కు అమెరికాలో అనుమతే లేదు, గుండె విషయంగా 2004లోనే అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కారణం తేలకుండా పడిపోతున్న పిల్లకు వీటిని సొంతంగా వేయడం తెగింపే.

ఇక అసలు అడ్డంకి పెళ్లి. ఆడపిల్ల పడిపోతోందంటే బయటికి పొక్కకూడదని సొంత అన్నదమ్ములకు కూడా చెప్పని ఇళ్లు నాకు తెలుసు. ఆ అన్నదమ్ముల పిల్లల్లో అదే జన్యువు ఉండొచ్చు. లాంగ్ క్యూటీ ఒకరికి తేలితే తోబుట్టువులకూ తల్లిదండ్రులకూ పరీక్ష చేయాలి, చాలామంది బీటా బ్లాకర్ అనే గుండె మాత్రతో మామూలుగా బతుకుతారు. ఒక ఇంటి పరువు కోసం ఇంకో ఇంటి పిల్లాడి ప్రాణం పణంగా పెట్టే హక్కు ఎవరిచ్చారు మనకు? సంబంధం చూసుకునేటప్పుడు జాతకాలు అడగడానికి మొహమాటం లేదు కదా. మేనమామ ముప్పై ఏళ్లకే ఎలా పోయాడని అడగడానికి ఎందుకంత మొహమాటం?

ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకు కూడా ఒక మాట. మన సంక్రాంతి, ఉగాది కార్యక్రమాల్లో కూచిపూడి పిల్లలు మధ్యాహ్నం రెండింటికే మేకప్ వేసుకుని, చీర నలుగుతుందని కూర్చోక, మేకప్ చెదురుతుందని తాగక, స్టేజీ ఎక్కేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. అలా నిలబెడితే ఆరోగ్యంగా ఉన్న పిల్లలే పడతారు. గ్రీన్‌రూమ్‌లో నాలుగు కుర్చీలు, మజ్జిగ క్యాను, చిప్స్ పెట్టడానికి బడ్జెట్ అడ్డం రాదు. హాలు బుక్ చేసేటప్పుడు పార్కింగు, పార్టిషన్లు అడిగినట్టే ఏఈడీ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ఏ గోడకు ఉందో అడగండి, అది తాళం వేసిన గదిలో ఉంటే తీయించండి. గుండె ఆగినప్పుడు షాక్ అందని ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. ఆ యంత్రమే ఏం చెయ్యాలో మాట్లాడి చెబుతుంది, కానీ ఛాతీ మీద నొక్కడం ముందే నేర్చుకుని ఉంటే చేతులు వణకవు. మనలో డాక్టర్లకు, నర్సులకు కొదవ లేదు కాబట్టి నేర్పేవాళ్లు ఉచితంగా దొరుకుతారు. సమయం లేదంటారేమో. ముఖ్య అతిథుల సన్మానాల్లో శాలువాలు సగం తగ్గిస్తే అరగంట వస్తుంది.