కూర్చుంటే డబ్బులు

వెనిస్ నగర పాలకులు మానవాళికి చేసిన సేవను చరిత్రకారులు ఇంకా సరిగ్గా గుర్తించలేదు. నీళ్ళకి, నేలకి, ఇసుకకి ధర కట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. కూర్చోవడానికి ఇంత పద్ధతిగా ధర కట్టిన ఊరు మాత్రం మరొకటి ఉండదు. యూరప్ టూర్‌లో వెనిస్‌కి ఒక్క రోజు దక్కించుకున్న మన దంపతులకు ఈ సంగతి తెలియదు. పొద్దున గోపురాలు, వంతెనలు చూద్దామని బయల్దేరతారు. మధ్యాహ్నానికల్లా ఇద్దరి కళ్ళూ బెంచీ కోసం తప్ప దేనికోసమూ వెతకవు.

పాత ఊళ్ళో కార్లు తిరగవు. నడవాల్సిందే. వంతెనలు నాలుగు వందల పైచిలుకు, దాదాపు అన్నిటికీ మెట్లే. మెట్టు కనిపిస్తే చతికిలబడటం మన జన్మహక్కు. ఇక్కడ సెయింట్ మార్క్స్ చౌకులో ఆ హక్కు వాడుకుంటే 100 నుంచి 200 యూరోల జరిమానా. బ్యాగులో ఉన్న పులిహోర అక్కడే విప్పితే అదీ నేరమే. ఇదంతా మనమీద కక్ష అనుకోకండి. 2019లో రియాల్టో వంతెన దగ్గర సొంత స్టవ్ మీద కాఫీ పెట్టుకున్న ఒక జర్మన్ జంటకు 950 యూరోలు జరిమానా వేసి, ఊరు విడిచి పొమ్మన్నారు. ఒక కాఫీకి అంత ఖర్చుపెట్టిన దంపతులు మన బంధువుల్లో లేరు, అదొక్కటే ఊరట.

ఒక్క రోజులో చూసిపోయేవాళ్ళు ఎంచిన కొన్ని రోజుల్లో ఊళ్ళోకి రావడానికే డబ్బు కట్టాలి. 2024 ఏప్రిల్ 25న 5 యూరోలతో మొదలుపెట్టారు. సాయంత్రం నాలుగు దాటితే అదీ లేదు, ఇంటర్వెల్ తర్వాత సినిమా హాలు గేటు వదిలేసినట్టు.

అసలు శాస్త్రమంతా కాఫీ దగ్గర ఉంది. ఇటలీలో కౌంటర్ దగ్గర నిలబడి తాగే కాఫీకి ఒక ధర, అదే కాఫీ బల్ల దగ్గర కూర్చుని తాగితే ఇంకో ధర. కాఫీ మారదు, కప్పు మారదు, మారేది మన భంగిమ. చౌకులో 1720లో తెరిచిన కఫే ఫ్లోరియాన్ ఉంది. అక్కడ బయట కూర్చున్నప్పుడు వాద్యబృందం వాయిస్తుంటే సంగీతానికి మనిషికింత అని విడిగా వేస్తారు. భర్త మెనూ కార్డు చూసి యూరోని రూపాయల్లోకి మార్చుకుంటుండగా భార్య తేల్చేస్తుంది: "ఏమండీ, స్తంభం పక్కన నిలబడితే ఇదే పాట ఫ్రీగా వినిపిస్తోంది."

కాలువల్లో తిప్పే గొండోలా పడవ సంగతి వేరు. పగటిపూట అరగంటకి 90 యూరోలు, అంటే నిమిషానికి మూడు. ఎర్ర మెత్తల మీద కూర్చున్న భర్త భార్య కళ్ళలోకి చూడాలని నియమం. ఆయన వాచీలోకి చూస్తాడు. ఊరి మధ్య పెద్ద కాలువను అవతలి ఒడ్డుకి దాటించే ట్రగెత్తో పడవకి రెండు యూరోలే. అదీ గొండోలా లాంటిదే, ఊరివాళ్ళు అందులో నిలబడే దాటతారు. నిలబడితే చౌక అన్న సిద్ధాంతానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

చివరికి భక్తి పెరుగుతుంది. 1630 నాటి ప్లేగు పోయినందుకు మొక్కు తీర్చుకుంటూ కట్టిన సాంటా మారియా దెల్లా సలూటే చర్చిలోకి టికెట్ లేదు. జీవితంలో గుడి మెట్లెక్కని భర్త అక్కడ అరగంట కళ్ళు మూసుకుంటాడు. పక్కన కూర్చున్న ఇటాలియన్ ముసలావిడ ఆయన విశ్వాసానికి ముచ్చటపడుతుంది.

రాత్రి హోటల్లో తప్పించుకునే దారి ఉండదు. నీళ్ళు గ్యాస్ ఉన్నవా, లేనివా అని అడుగుతారు, రెండూ సీసాలే. వీధి పంపుల్లో మంచినీళ్ళు ఉచితమే, నిలబడి తాగాలి. తిన్నది మష్రూమ్ పాస్తా, టిరమిసు. బిల్లులో మాత్రం మూడో వంటకం ఉంది: కోపెర్తో, రెండు. తినలేదని భర్త వాదించబోతాడు. బల్ల దగ్గర కూర్చుని, పక్కన బ్రెడ్ పెట్టించుకున్నందుకు మనిషికింత అని వెయిటర్ మర్యాదగా వివరిస్తాడు.

భర్త లేవబోతే భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

"కట్టాం కదా! ఇంకో గంట కూర్చోండి."